పొయ్యిలో కాలు పెట్టిన జగన్మోహిని

దెయ్యం వంటకు కూర్చుంటుంది. కట్టెలకు బదులు తన కాళ్లే పొయ్యిలోకి తోస్తుంది. మంట లేస్తుంది, వంట సాగుతుంది, దాని మొహంలో మాత్రం బాధన్నది కనిపించదు. బి.విఠలాచార్య 1978లో తీసిన ‘జగన్మోహిని’లోది ఈ దృశ్యం. మా చిత్తూరు వైపు యాభై దాటినవాళ్లను ఎవరినైనా కదిలించి చూడండి. కథ అడిగితే తడబడతారు, పాటలు గుర్తుకు రావు, పొయ్యి సంగతి మాత్రం నిన్న చూసొచ్చినట్టు చెబుతారు.

చవక సినిమా అన్నారు దాన్ని. దెయ్యాల సినిమా అన్నారు. జయమాలిని ఒళ్లు చూపించి టికెట్లు అమ్ముకున్న సినిమా అన్నారు. మూడూ అబద్ధం కాదు. అయినా భయమూ కోరికా మనిషికి కలలో ఎలా కలిసి వస్తాయో, అలాగే తెర మీదికి తెచ్చిన తెలుగు సినిమా ఏదని అడిగితే నేను మొదట చెప్పే పేరు ఇదే. ఏళ్లతరబడి పిల్లలకు తెలుగు పాఠాలు చెప్పినదాన్ని. ప్రబంధాల్లో శృంగారం గురించి, అద్భుత రసం గురించి చెప్పేటప్పుడు నాకు లోపల మెదిలేది ఈ సినిమానే. పిల్లల ముందు అది పైకి అనలేకపోయేదాన్ని. ఇప్పుడు అంటున్నాను.

కథ చిన్నదే. ఒక మగవాడి చేతిలో మోసపోయి చచ్చిన ఆడది పగతో దెయ్యమవుతుంది. వాడు మళ్లీ పుడతాడు. ఈ జన్మలో వాడికి ఇల్లుంది, పెళ్లాముంది. దెయ్యం అందగత్తెగా వచ్చి వాణ్ని తన వెంట తిప్పుకుంటుంది. పెళ్లాం దేవతను నమ్ముకుని మొగుణ్ని దక్కించుకుంటుంది. దెయ్యం జయమాలిని, మొగుడు నరసింహరాజు, పెళ్లాం ప్రభ. ఇంతే. మిగిలిందంతా మాయ.

ఆ మాయ వెనక ఉన్న మనిషి మనవాడే అనుకుంటాం గానీ, విఠలాచార్య పుట్టింది కర్ణాటకలో, ఉడుపి దగ్గర ఉద్యావరలో, 1920లో. అరసికెరెలో హోటలు నడిపారు. ఆ తరవాత స్నేహితులతో కలిసి హాసన్ జిల్లాలో టూరింగ్ టాకీసులు నడిపారు. శంకర్ సింగ్‌తో కలిసి మైసూరులో మహాత్మా పిక్చర్స్ పెట్టి కన్నడ సినిమాలు తీశారు. మద్రాసు చేరి తెలుగులోకి వచ్చింది ఆ పైన. మొదట్లో ‘కన్యాదానం’ (1955) లాంటి సాంఘికాలు తీసినా, ఆయనకు పేరు తెచ్చింది జానపదాలే. ఎన్.టి.రామారావుతో ‘బందిపోటు’ (1963), ‘అగ్గిపిడుగు’ (1964), ‘చిక్కడు దొరకడు’ (1967), ‘గండికోట రహస్యం’ (1969), కాంతారావుతో లెక్కకు మిక్కిలి కత్తి సినిమాలు. జనం ఆయన్ను జానపద బ్రహ్మ అన్నారు.

హోటలు, టూరింగ్ టాకీసు అన్న రెండు మాటల్లోనే ఆయన పనితనం అంతా ఉందని నాకనిపిస్తుంది. హోటలు నడిపినవాడికి సరుకు వృథా పోకూడదన్న పట్టింపు ఉంటుంది. టూరింగ్ టాకీసు నడిపినవాడికి నేల మీద కూర్చున్న మనిషి ఎప్పుడు కదులుతాడో, ఎప్పుడు బీడీ కోసం బయటికి పోతాడో తెలుస్తుంది. విఠలాచార్య సొంత డబ్బుతో, సొంత సంస్థ మీద, అనుకున్న రోజుల్లో అనుకున్న ఖర్చులో సినిమా ముగించేవారు. వేసిన సెట్టునే రంగు మార్చి ఒకచోట రాజమహలుగా, ఇంకోచోట మాంత్రికుడి గుహగా వాడుకునేవారు. నటుడు డేట్లు ఇవ్వకుండా ఇబ్బంది పెడితే ఆ పాత్రను శాపం పేరుతో చిలకగానో ఎలుగుబంటిగానో మార్చేసి షూటింగ్ సాగించేవారని సినిమావాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఎంతవరకు నిజమైనా, ఆయన సినిమాల్లో మనుషులు జంతువులుగా మారిపోవడం మాత్రం అడుగడుగునా కనిపిస్తుంది. చేతిలో డబ్బు లేకపోవడం కథను కల వైపు నెట్టింది. రాజు సభలో కూర్చుని మాట్లాడుతూ మాట్లాడుతూ మేకైపోతే, చూసేవాడికి కారణం అక్కర్లేదు. కలలో కారణం ఎవరడుగుతారు?

ఇప్పుడు పొయ్యి దగ్గరికి వద్దాం. కంప్యూటరు లేని రోజుల్లో ఇలాంటి దృశ్యాలు ఎలా తీసేవారో తెలుసుకుంటే ఆ పనివాళ్ల మీద గౌరవం పెరుగుతుంది. సినిమా అంటే సెకనుకు 24 బొమ్మలు. కెమెరా ఆపి, మనిషిని పక్కకు తప్పించి, ఆ చోట ఇంకోటి పెట్టి, మళ్లీ తిప్పితే తెర మీద మనిషి కళ్లముందే మారిపోతుంది. ప్యారిస్‌లో ఇంద్రజాలం చేసే జార్జ్ మెలియెస్ 1896లోనే ఈ పద్ధతితో కుర్చీలో కూర్చున్న ఆడమనిషిని మాయం చేసి అస్థిపంజరాన్ని చూపించాడు. మన దెయ్యాలన్నీ ఆ కుర్చీ నుంచి లేచి వచ్చినవే. కాలు మండాలంటే, అసలు కాలు మడిచి చాటున పెట్టి, దాని బదులు చేసిన కాలును మంటలోకి పెడతారు. చూసేవాడి కన్ను తొడ దగ్గర నుంచి పాదం దాకా గీత తెగకుండా సాగాలి. చీర కుచ్చిళ్లు ఎక్కడ పడాలో, కెమెరా ఏ ఎత్తున ఉండాలో వేలెడంత తేడా లేకుండా చూసుకోవాలి. ఒక్క అంగుళం జరిగితే భయం పోయి నవ్వొస్తుంది.

దెయ్యం గోడలోంచి నడిచిరావాలంటే ఒకే ఫిలిం రెండుసార్లు తిప్పాలి. మొదట ఖాళీ గది తీస్తారు. ఫిలింను వెనక్కి చుట్టి, నల్లగుడ్డ ముందు జయమాలినిని నడిపించి, అదే ఫిలిం మీద మళ్లీ తీస్తారు. నలుపు ఫిలిం మీద పడదు కాబట్టి ఆమె మాత్రమే పల్చగా గదిలో తేలుతుంది. ఇదంతా కెమెరాలోనే జరగాలి. ఎన్నో బొమ్మ దగ్గర ఆమె అడుగు పడిందో కాగితం మీద రాసుకోవాలి, లెక్క తప్పితే ఫిలిం దండగ. జుట్టు, పైట గాల్లో నీళ్లలోలాగా మెల్లగా ఊగాలంటే సెకనుకు 24 బదులు 48 బొమ్మలు తీసి మామూలు వేగంతో చూపిస్తే చాలు. బూడిదలోంచి మనిషి లేవాలంటే దృశ్యాన్ని తలకిందులుగా, వెనక నుంచి ముందుకు నడిపితే సరి. దీపాలకు ఎర్రటి, ఆకుపచ్చటి జెలటిన్ కాగితాలు కడితే రాత్రి ఈ లోకపు రాత్రి కాకుండా పోతుంది. తెలుగులో ఈ విద్య అప్పటికే బాగా ఆరితేరి ఉంది. ‘మాయాబజార్’ (1957)లో మార్కస్ బార్‌ట్లే, ‘సీతారామ కల్యాణం’ (1961)లో రవికాంత్ నగాయిచ్ చూపించిన పనితనం అందరికీ తెలిసిందే. వాళ్లు పెద్ద సంస్థల్లో, పెద్ద తారలతో చేసినదాన్ని విఠలాచార్య చిన్న డబ్బులో, దెయ్యాల కోసం చేశారు. తేడా ఏమిటంటే, పెద్ద సినిమాలో మాయ మచ్చ లేకుండా ఉంటుంది. ఇందులో అతుకు కొంచెం కనిపిస్తుంది. ఆ కనిపించే అతుకే నన్ను ఎక్కువ భయపెట్టింది. కలలో కూడా మొహాలు సరిగ్గా అతకవు కదా.

2009లో తమిళంలో నమితను పెట్టి ఇదే కథను మళ్లీ తీశారు. కంప్యూటరుతో గీసిన మాయలు అందులో నిండుగా ఉన్నాయి. ఒక్కటీ ఒంట్లోకి ఎక్కలేదు.

నేను పుట్టింది నగరిలో. మరమగ్గాల ఊరు. రాత్రి పొద్దుపోయేదాకా వీధివీధంతా మగ్గాల చప్పుడు. ఇంట్లో తెలుగు, అంగడిలో తమిళం. పక్కనున్న తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. సరిహద్దులు మార్చి అటు కలిపారుగానీ మా చుట్టరికాలు మారలేదు. మా మేనత్త ఆ ఊళ్లో ఉండేది. ‘జగన్మోహిని’ తమిళంలోకి డబ్బింగై అక్కడా విరగబడి ఆడింది. మేం తెలుగులో చూశాం, మా అత్తా వాళ్లూ తమిళంలో చూశారు, పండక్కి కలిసినప్పుడు రెండు భాషల్లోనూ అదే పొయ్యి గురించి మాట్లాడుకున్నారు. భాష ఏదైనా ఆ సినిమాలో మాట కంటే బొమ్మదే పై చేయి.

మా అవ్వ నన్ను తోలుకుని పోయింది. అప్పట్లో హాల్లో నేల, బెంచీ, కుర్చీ అని వేరువేరు తరగతులుండేవి, ఆడవాళ్లకు ఒక పక్కగా వేరే చోటు. మగపిల్లలు జయమాలిని కోసం వచ్చారని అందరికీ తెలుసు. ఆడవాళ్లు ఎందుకొచ్చారని మాత్రం ఎవరూ అడగలేదు. ఆ రోజు ఆడవాళ్ల వైపు కాలు పెట్టే సందు లేదు. చంటిబిడ్డలు, ఒళ్లో బొరుగుల పొట్లాలు, వేయించిన శెనక్కాయల వాసన. కాలు పొయ్యిలోకి పోగానే నేను కండ్లు మూసుకున్నాను. అవ్వ నా చేతులు లాగేసింది.

“మే, కండ్లు మూసుకోబాక. చూడు. వాడు చేసిందానికి ఇది చేసేది ఏ మాత్రం?”

ముందు వరసలో ఉన్న ఒకామె వెనక్కి తిరిగి, “పాపం కదత్తా, దానికి మాత్రం కాలదా?” అంది.

“చచ్చినదానికి కాలేదేముందిమ్మే. బతికుండగానే కాల్చిపెట్టినాడు కదా వాడు.”

నాకు భయం అక్కడే సగం దిగింది. ఆ దెయ్యం వైపు మాట్లాడేవాళ్లు ఉన్నారని తెలిసింది. మగవాళ్ల వైపు నుంచి ఈలలు వినిపిస్తుంటే, మా వైపు నుంచి జాలి వినిపించింది. జయమాలిని ఆట మొదలైనప్పుడు కూడా మా వైపు తలలు దించుకున్నవాళ్లు తక్కువ. చూస్తా ఉండారు. ఆమె నడుము, ఆమె కళ్లలో ధైర్యం, మగవాణ్ని పిలిచే తీరు, అన్నీ చూస్తా ఉండారు. ఆడది తన కోరికను సిగ్గుపడకుండా పైకి చెప్పడం వాళ్లకు దొరికేది ఆ మూడు గంటలే. దెయ్యమైతేనే చెప్పగలిగింది.

ఇంత చెప్పాక ఇంకో మాట కూడా చెప్పాలి. కెమెరా ఆమెను చూసిన చూపు మర్యాదైన చూపు కాదు. ఒళ్లును ముక్కలుగా చూపించి డబ్బు చేసుకోవడం ఆ కాలపు అలవాటు, ఈ సినిమా ఆ అలవాటు దాటలేదు. దాటకపోయినా ఆ ఒంటికి ఒక కోపాన్ని ఇచ్చింది. క్లబ్ డాన్సు పాటల్లో అదే జయమాలినికి కోపం ఉండదు, కథ ఉండదు, చేసిన మనిషికి పేరు కూడా ఉండదు. ఇక్కడ సినిమా పేరే ఆమెది. ఇంట్లో పెట్టిన పేరు అలమేలు మంగ, మా తిరుచానూరు అమ్మవారి పేరు. అక్క జ్యోతిలక్ష్మి అప్పటికే పెద్ద పేరున్న నర్తకి. అక్క నీడలోంచి బయటపడి తనకంటూ ఒక రూపం నిలిపిన పాత్రల్లో జగన్మోహినిదే ముందు చోటు అంటాను. ఆట వచ్చిన మనిషి కాబట్టే దెయ్యం నడక కుదిరింది. భుజం కదలకుండా, తల ఊగకుండా, నేల మీద జారుతున్నట్టు ఆమె వచ్చే తీరు చూడండి. తీగలు కట్టి లేపితే వచ్చేది కాదది, కాళ్లకున్న చదువు.

భయం, కోరిక, కల అన్నవి మూడూ ఎందుకు ఒక్కచోట పోగవుతాయి? దీనికి ఒంటిలోనే కొంత కారణముంది. నిద్రలో కలలు బాగా వచ్చే దశ ఒకటుంది. ఆ దశలో మనం కలలో పరుగెత్తినా మంచం మీద కాళ్లు కదలకుండా మెదడు కండరాలను ఆపేసి ఉంచుతుంది. ఒక్కోసారి కండరాలింకా బిగుసుకుని ఉండగానే తెలివి వస్తుంది. కళ్లు తెరుచుకుంటాయి, గది కనిపిస్తుంది, చెయ్యి కదలదు, అరుద్దామంటే గొంతు రాదు, ఎవరో గుండె మీద కూర్చున్నట్టు బరువు. కల ఇంకా పూర్తిగా పోలేదు కాబట్టి ఆ ఎవరో ఒకరు కనిపిస్తారు కూడా. మా ఊళ్లో దాన్ని గాలి అంటారు. దెయ్యం పట్టి నొక్కిందంటారు, తాయెత్తు కట్టిస్తారు, పెళ్లికాని మగపిల్లాడికైతే మోహిని పట్టిందంటారు. ఐరోపాలోనూ ఇదే అనుభవానికి ఇలాంటి పేర్లే పెట్టారు. నిద్రపోయే ఆడవాళ్ల మీదికి వచ్చే మగ పిశాచం, మగవాళ్ల మీదికి వచ్చే ఆడ పిశాచం వాళ్లకూ ఉన్నాయి. హెన్రీ ఫ్యూజెలి అనే చిత్రకారుడు 1781లో దీన్నే గీశాడు. మంచం మీద వెల్లకిలా వేలాడే తెల్లటి దుస్తుల ఆడది, ఆమె గుండె మీద గొంతుక్కూర్చున్న వికారపు జీవి, తెర సందులోంచి తొంగిచూసే గుర్రం తల. ఆ బొమ్మ ఇప్పుడు అమెరికాలో డెట్రాయిట్ మ్యూజియంలో ఉంది. దాన్ని చూస్తే భయమేస్తుంది, దాంతోపాటు చూడకూడనిదేదో చూస్తున్నట్టు కూడా ఉంటుంది. జయమాలిని తెర మీదికి వచ్చినప్పుడు మా హాల్లో ఉన్నది సరిగ్గా ఆ రెండూ.

తక్కువ డబ్బుతో ఈ కలను పట్టుకోవాలని చూసినవాళ్లు లోకమంతా ఉన్నారు. ఫ్రాన్సులో జాన్ రోలాఁ 1968 నుంచి రక్తం తాగే అందగత్తెల సినిమాలు ఒకదాని వెంట ఒకటి తీశాడు. పాత కోటలు, ఖాళీ సముద్రతీరం, మాట తక్కువ, నడక ఎక్కువ. ఇండొనేషియాలో సుజన్నా అనే నటి 1981లో ‘సుండెల్ బొలోంగ్’లో అన్యాయమైపోయి దెయ్యమై తిరిగొచ్చిన ఆడదిగా నటించి ఆ దేశపు దెయ్యాల రాణి అనిపించుకుంది. మన హిందీలో రామ్‌సే సోదరులు 1972లో ‘దో గజ్ జమీన్ కే నీచే’తో మొదలుపెట్టి పాడుబడ్డ హవేలీలను వదల్లేదు. వీళ్లందరిలో విఠలాచార్యకు దగ్గరగా కనిపించేది ఇండొనేషియా సినిమానే. అక్కడా ఇక్కడా దెయ్యం వెనక ఒక ఫిర్యాదు ఉంది. రోలాఁ అందగత్తెలకు ఆకలి తప్ప ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు అనగానే నాకు తిరుపతి తాతయ్యగుంట గంగమ్మ గుర్తొస్తుంది. ఉద్యోగానికి ఈ ఊరొచ్చిన తరవాత జాతర ఏటా చూస్తున్నాను. చూసేకొద్దీ ‘జగన్మోహిని’ నాకు వేరేగా కనిపించసాగింది.

జాతర కథ ఈ వైపువాళ్లకు కొత్త కాదు, తక్కినవాళ్ల కోసం చెబుతాను. ఈ ప్రాంతాన్ని ఏలిన ఒక పాలెగాడు, ఊళ్లో ఎవరి పెళ్లి జరిగినా పెళ్లికూతురు మొదటి రాత్రి తన దగ్గరికి రావాల్సిందేనని శాసించాడు. వాణ్ని అంతం చెయ్యడానికి గంగమ్మ అవిలాలలో పసిబిడ్డగా దొరికి, కైకాలవాళ్ల ఇంట పెరిగింది. పెద్దదై వాడి కంటబడింది. వాడు చెయ్యి వేయబోతే విశ్వరూపం చూపించింది. పాలెగాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని బయటికి రప్పించడానికి ఆమె రోజుకొక వేషం కట్టింది. బైరాగిగా వెతికింది, బండగా వెతికింది, తోటిగా వెతికింది. చివరికి దొరగా వచ్చేసరికి, తన పైవాడే వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు. తల తెగింది. మరునాడు మాతంగిగా వెళ్లి, విధవరాలైన పాలెగాడి భార్యకు ధైర్యం చెప్పింది.

మే నెల ఎండలో వారం రోజులు ఊరు ఊరంతా ఈ కథే కట్టి తిరుగుతుంది. కైకాలవాళ్లు అమ్మవారి వేషాలు కడితే, భక్తులు మొక్కు తీర్చుకోవడానికి అవే వేషాలు వేసుకుంటారు. బండ వేషం నాడు ఒళ్లంతా కుంకుమ పూసుకుని నోటికొచ్చిన బూతులు తిడతారు. దాక్కున్న పాలెగాణ్ని రెచ్చగొట్టడానికట. మాతంగి వేషం నాడు మగవాళ్లు చీర కట్టి, జడ వేసి, పూలు పెట్టి, గాజులు తొడిగి గుడికి వస్తారు. మీసం తీయనివాళ్లూ ఉంటారు, భార్య దగ్గరుండి కుచ్చిళ్లు సర్దుతుంటుంది. ఆఖరి రాత్రి గుడి ముందు మట్టితో చేసిన విశ్వరూపాన్ని నిలబెట్టి, పొద్దుపొడవకముందే దాన్ని పగలగొడతారు, ఆ మట్టికోసం జనం ఒకరి మీద ఒకరు పడతారు. జాయిస్ ఫ్లూకిగర్ అనే అమెరికా పండితురాలు ఏళ్లపాటు ఇక్కడికి వచ్చి, చూసి, 2013లో ఈ గంగమ్మ మీద ఒక పుస్తకమే రాసింది. 2024 చివర్లో ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ చీర కట్టాక దేశమంతా ఈ వేషం గురించి మాట్లాడింది. నాకు అందులో నచ్చింది, అది మగవాడికి చీర కట్టడాన్ని నవ్వులాటగా చూపించకపోవడం.

ఇప్పుడు రెండు కథలూ పక్కపక్కన పెట్టి చూడండి. రెంటిలోనూ ఆడదాన్ని అనుభవించి పారేసే దొర ఉన్నాడు. రెంటిలోనూ ఆడది రూపాలు మార్చుకుంటూ వాణ్ని వేటాడుతుంది. గంగమ్మకు అందముంది, కోపముంది, బూతుంది, దయ కూడా ఉంది. చంపినవాడి భార్యను ఓదార్చడానికి వెళ్లే దయ. అన్నీ ఒక్క ఆడదానిలోనే ఉన్నాయి. ఊరు ఆమెకు మొక్కుతుంది. ‘జగన్మోహిని’ చేసిందేమిటంటే, ఆ ఒక్కదాన్ని రెండు ముక్కలు చేసింది. కోరిక, కోపం దెయ్యానికి ఇచ్చింది. భక్తి, ఓర్పు పెళ్లానికి ఇచ్చింది. దేవతను పెళ్లాం పక్కన నిలబెట్టింది. మోసం చేసిన మగవాణ్ని మధ్యలో అమాయకుడిగా కూర్చోబెట్టింది. వాడు జన్మ మార్చుకున్నాడు కాబట్టి వాడి తప్పు కొట్టుకుపోయింది, ఆమె పగ మాత్రం తప్పై మిగిలింది.

నా అభ్యంతరం అక్కడే. విఠలాచార్యకు ధైర్యం లేదని కాదు. కుటుంబాలతో సహా హాలుకు రావాలంటే చివరికి పసుపుకుంకుమలు గెలవాలన్నది ఆ రోజుల లెక్క. టూరింగ్ టాకీసు నడిపిన మనిషికి ఆ లెక్క బాగా తెలుసు. కానీ చివరి రీలు ఏం చెప్పినా, ఆ సినిమా నడుము భాగమంతా దెయ్యానిదే. పెళ్లాం దేవతకు మొక్కే దృశ్యాలు ఎవరికీ గుర్తులేవు. పొయ్యి గుర్తుంది. మా అవ్వ ఆ రోజు చివర్లో చప్పట్లు కొట్టలేదు. దండం పెట్టుకుని లేచింది, దారిలో మళ్లీ దెయ్యం గురించే మాట్లాడింది. జాతర చూసి పెరిగిన మనిషి కాబట్టి, సినిమా విడదీసిన రెండు ముక్కలనూ ఆమె తనకు తానే మళ్లీ కలుపుకుందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఈ తరంలో ఆ దారిన నడిచిన సినిమాలు రెండు చెబుతాను. ఒకటి రవిబాబు తీసిన ‘అవును’, 2012 సెప్టెంబరులో వచ్చింది. ఒకే ఇల్లు, గుప్పెడు మంది నటులు, చిన్న ఖర్చు. కొత్తగా పెళ్లై ఆ ఇంట్లో దిగిన మోహినిగా పూర్ణ, భర్తగా హర్షవర్ధన్ రాణే. ఇక్కడ కోరిక దెయ్యానిది, దెయ్యం మగవాడు. కెప్టెన్ రాజు అనే చచ్చిన మనిషి కంటికి కనిపించకుండా ఆమెను చూస్తుంటాడు. స్నానాల గదిలోనూ పడగ్గదిలోనూ కెమెరా కదిలినప్పుడల్లా అది వాడి చూపా, మన చూపా అన్న అనుమానం వస్తుంది. నాకు ఒళ్లు జలదరించింది. వాడు ముమ్మాటికీ పాలెగాడే. కోట పోయి అపార్టుమెంటు కాలం వచ్చినా కొత్త పెళ్లికూతురు మీద తనకు హక్కుందనుకునేవాడు. సినిమా ఆ భయాన్ని చక్కగా పట్టుకుంది. గంగమ్మను మాత్రం తీసుకురాలేదు. మోహిని చివరిదాకా పారిపోతూనే ఉంటుంది.

రెండోది అజయ్ భూపతి తీసిన ‘మంగళవారం’, 2023 నవంబరులో వచ్చింది. ఊళ్లో దొంగచాటు జంటల పేర్లు గోడ మీద ప్రత్యక్షమవుతాయి, మంగళవారం నాడు ఆ జంటలు చచ్చిపడి ఉంటాయి. దాని వెనక పాయల్ రాజ్‌పుత్ పోషించిన శైలు అనే అమ్మాయి కథ ఉంది. తన అదుపులో లేని కోరికతో బాధపడే ఆడపిల్లను ఊరు ఎలా చూసింది, ఎలా వాడుకుంది, ఎలా వెలివేసింది అన్నది ఆ సినిమా నిలబడి చూపించింది. కోరికను జబ్బుగా చెప్పడంతో నాకు పూర్తిగా ఒప్పుదల లేదు. జయమాలిని దెయ్యానికి ఏ జబ్బూ లేదు, ఆమెకు కావాలి, అంతే. అయినా ఊరిని బోనులో నిలబెట్టిన తీరులో ఇది ‘జగన్మోహిని’ కంటే ఒక అడుగు ముందుంది. ఊరి దేవత కూడా కథలో ఉంది, ఊరికే గంట కొట్టించుకోవడానికి కాదు.

నేను చూడాలనుకునే సినిమా ఇంకొకటుంది. చిన్న డబ్బుతోనే తీయొచ్చు. చంద్రగిరి కోట పక్కన సాయంత్రం నీడలు పడే వేళ, ఒక చింతతోపు, ఒక పాత మిద్దె, నలుగురు నటులు చాలు. చచ్చిన ఆడదే రోజుకొక వేషంలో తిరిగి రావాలి, ఒకరోజు బైరాగి, ఒకరోజు తోటి, ఒకరోజు దొర. ఆమెకు అందం ఉండాలి, దాన్ని చూసే కెమెరాకు మర్యాద ఉండాలి. భార్యా దెయ్యమూ ఒకరితో ఒకరు కొట్టుకోకూడదు. మాతంగి పాలెగాడి భార్య దగ్గరికి వెళ్లినట్టు, చివరి రీల్లో దెయ్యం ఆ భార్య దగ్గరికి వెళ్లి పక్కన కూర్చోవాలి. ఇద్దరికీ ఒకే మగవాడి సంగతి మాట్లాడుకోవడానికి చాలా ఉంటుంది. గ్రాఫిక్స్‌కు డబ్బు లేదని ఏ కుర్రవాడైనా దిగులుపడితే, నల్లగుడ్డ ముందు మనిషిని నడిపించి రెండుసార్లు తీయమనండి. తిరుపతిలో, చిత్తూరులో షార్ట్ ఫిలింలు తీసే పిల్లలకు కొదవ లేదు. వాళ్లలో ఆడపిల్లలు కూడా ఉన్నారు. ఆ కథ వాళ్లే రాయాలని నా కోరిక.